ఎర్రగా కనిపించిన శివారు

ఈ మధ్య మా కోడలు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఉపగ్రహం తీసిన బొమ్మలో మా మేడా, మేడ మీది నీళ్ళ ట్యాంకూ కూడా కనిపిస్తున్నాయట. చూశాను. నిజమే, కనిపించాయి. కనిపిస్తే ఏం లాభం? ఆ ట్యాంకు మూత ఎప్పుడో గాలికి ఎగిరి పక్కన పడిందని, నేను మోకాళ్ళు పట్టుకుని మేడెక్కితే గానీ తెలియలేదు. ఆ మాటే అంటే కోడలు నవ్వి, మీకు వాటి మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది అత్తయ్యా అంది. పగెందుకుంటుంది? ఉద్యోగమంతా వాటితోనే గడిచింది.

నేను నీటిపారుదల ఆఫీసులో చేరిన కాలంలో ఉపగ్రహం బొమ్మ బస్సులో వచ్చేది. నవ్వకండి. ఆకాశం నుంచి నేలకి రెప్పపాటులో దిగేది. దిగిన చోటి నుంచి మా ఊరు చేరడానికి మాత్రం దాన్ని టేపు చుట్టల్లోకి ఎక్కించి, రేకు డబ్బాలో పెట్టి, తాళ్ళు కట్టి బస్సు టాపు మీదికి ఎక్కించాలి. ఒకసారి ఆ డబ్బా మీద ఎవరో కోళ్ళ గంప పెట్టుకుని ప్రయాణం చేశారు. డబ్బా తుడవడానికి మాకు ఒక పూట పట్టింది. అంతరిక్షం నుంచి చెక్కుచెదరకుండా వచ్చిన సరుకు బస్టాండులో పాడైపోతోందని మా సారు నెత్తీ నోరూ బాదుకున్నారు.

మా సారుని ఆఫీసంతా గద్ద గారు అనేవారు. ముక్కు కొంచెం వంకర. పైగా రోజంతా పటాల మీద వంగి, భూతద్దం పట్టుకుని పైనుంచి నేలని వెతుకుతూ ఉండేవారు. ఆ పేరు ఆయనకి తెలుసు, తెలిసీ ఏమీ అనుకునేవారు కాదు. నన్ను రంగులమ్మాయి అనేవారు, బొమ్మలకి రంగులద్ది అచ్చు తీసే పని నాది కాబట్టి. మా గది పై అంతస్తులో చివర. అంతకుముందు విరిగిన కుర్చీలు పడేసే చోటు. యంత్రం వేడెక్కకూడదని ఆ ఒక్క గదికే ఏసీ పెట్టారు. ఇంకేం, ఎండలు ముదిరాయంటే మాకు చుట్టాలెక్కువ. లెక్కల సెక్షను వాళ్ళు, టైపు చేసే ఆవిడ, ఆఖరికి మమ్మల్ని చూస్తే మూతి తిప్పే గేట్ల ఇంజనీరు కూడా ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి కూర్చునేవారు.

అచ్చు తీసిన కాగితాలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. వాటిని అంచులు కలిపి అతికిస్తే గది నేలంతా పరుచుకునేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, మేజోళ్ళతో దాని మీద నడిచేవాళ్ళం. జలాశయం మీద నుంచి రెండు అడుగులేస్తే కుడి కాలవ, ఇటు తిరిగి నాలుగు అడుగులేస్తే ఎడమ కాలవ చివర. గద్ద గారి మేజోడుకి బొటనవేలి దగ్గర ఎప్పుడూ చిల్లే. ఆ వేలితోనే ఊళ్ళు చూపించేవారు. ఆ జిగురు వాసన, ఆ చల్లదనం, మేజోళ్ళ కింద కాగితం చేసే చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం లేచొస్తుంది. అంత సంతోషంగా నేను ఎక్కడా పనిచేయలేదు.

ఆ బొమ్మల్లో పచ్చని చెట్టు ఎర్రగా ఉంటుంది. మన కంటికి కనపడని ఒక వెలుగు ఉంటుంది. బతికున్న ఆకు దాన్ని బాగా తిప్పికొడుతుంది. మనకి కనపడనిది కనపడాలంటే ఏదో ఒక రంగు వేయాలి కదా, దానికి ఎరుపు వేస్తాం. ఎంత ఎర్రగా ఉంటే పైరు అంత ఏపుగా ఉన్నట్టు. తేట నీళ్ళు నల్లగా, ఎండిన నేల బూడిదగా కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి అదే చూసేసరికి మా బుర్రలకీ ఆ రంగే పట్టింది. తోటలోకి పోయి, అబ్బ, ఎంత ఎర్రగా ఉందో అనుకునే మనుషులం అయిపోయాం. మా వాడు చిన్న తరగతిలో ఉండగా బొమ్మ వేస్తుంటే, పక్కన కూర్చుని చెట్లకి ఎరుపు, ఏటికి నలుపు వేయించాను. వాళ్ళ పంతులమ్మ నన్ను పిలిపించి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగింది. ఆ సంగతి చెబితే గద్ద గారు, మీ వాడు వేయాల్సింది సరిగ్గానే వేశాడని మా వాడికి రంగు పెన్సిళ్ళ పెట్టె కొనిపెట్టారు.

ఆయనకి ఒకటే కల. మా జలాశయానికి రెండు కాలవలు, కుడి, ఎడమ. ఎప్పుడు ఎవరికి నీళ్ళు వదలాలో తేల్చేది మీటింగులో గొంతు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ కాలవ పారేది. కుడి వైపు వాళ్ళకి గొంతులెక్కువ. ఎడమ కాలవ చివరి పొలాలు, అంటే శివారు భూములు, ప్రతి ఏడూ నోరెండి ఉండేవి. గొంతు కాదు, బొమ్మ చెప్పాలి, ఎక్కడ పైరు ఎండుతోందో అక్కడికి నీళ్ళు పోవాలి అని గద్ద గారు ఏళ్ళ తరబడి ఆఫీసులో చెవిలో జోరీగలా పోరారు. వానలు రాను రాను లెక్క తప్పుతున్నాయి, ఇక ముందు ఉన్న నీళ్ళని చూసి వాడుకోవడమే బతుకు అనేవారు. అప్పట్లో ఆ మాటకి నవ్వారు. ఇప్పుడు ప్రతి సభలో అదే మాట, చెప్పేవాళ్ళు మారారు అంతే.

ఎడమ కాలవ శివారులోనే మా పిన్ని పొలం. మా అమ్మకి చెల్లెలు. బాబాయి పోయాక సొంతంగా సేద్యం చేసుకునేది. మనిషి పిడికెడు, నోరు మాత్రం ఊరంత. చిన్నప్పుడు సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. నా ఉద్యోగం ఏమిటో ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. ఎక్కినట్టే ఉండి, అయితే మా పెరట్లో పెట్ట ఎన్ని గుడ్లు పెట్టిందో చూసి చెప్పవే అని ఏడిపించేది. దూరపు కొండలు నునుపేనే తల్లీ అని ముగించేది.

ఒక ఏడు వాన సగానికి సగం మొహం చాటేసింది. జలాశయంలో మిగిలిన నీళ్ళు ఒక్క కాలవకి ఒక్కసారి తడి పెట్టడానికి సరిపోతాయి. రెండు వైపులా మొక్కజొన్న కంకి వేసే దశలో ఉంది. ఆ ఒక్క తడి అందిన వాళ్ళ పంట దక్కుతుంది, అందని వాళ్ళది పోతుంది. అలాంటి ఏడాదిలో పెద్ద ఆఫీసరు, ఏ గొంతుకీ జవాబు చెప్పలేక కాబోలు, ఈసారికి బొమ్మ ఏం చెబితే అదే అనేశాడు. ఫలితం బాగుంటే పంట చివర్లో జరిగే మీటింగులో దాన్నే శాశ్వతం చేస్తామన్నాడు. గద్ద గారు ఆ రోజు అన్నం తినలేదు, సంతోషంతోనే.

టేపు వచ్చింది. నేను అచ్చు తీశాను, అందరం కలిసి అతికించాం. కుడి కాలవ పొడుగునా ఎరుపు వెలిసిపోయి బూడిదలోకి దిగుతోంది. ఎడమ కాలవ శివారు మాత్రం చిక్కటి ఎరుపు, పిన్ని వాళ్ళ ఊరి చుట్టూ మరీనూ. గద్ద గారు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశారు. శివారు వాళ్ళు బావులేవో తవ్వుకున్నట్టున్నారు, పైరు బ్రహ్మాండంగా ఉంది, కుడి వైపే ప్రమాదంలో ఉంది అన్నారు. గదిలో ఉన్న ఒక్కరికీ అనుమానం రాలేదు. నీళ్ళు కుడి కాలవకి వదిలారు. ఎప్పుడూ శివారు పక్షాన పోరాడే మనిషే అలా చెప్పాడు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. గేట్ల ఇంజనీరు కూడా కిమ్మనకుండా గేటు ఎత్తించాడు.

తర్వాత పిన్ని ఆఫీసుకి ఫోను చేసింది. వాళ్ళ ఊరి కిరాణా కొట్టు నుంచి, లైను గరగరలాడుతోంది. ఆకులు చుట్టుకుపోతున్నాయి, కాలవలో చుక్క లేదు, నువ్వక్కడుండి ఏం చేస్తున్నావే అని దులిపేసింది. గద్ద గారికి చెప్పాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. శివారు వాళ్ళు కడుపు నిండినా ఆకలే అంటారమ్మా, అలవాటైపోయింది పాపం అన్నారు. బొమ్మ నేనే అచ్చు తీశాను కదా, నా కళ్ళతో ఎరుపు చూశాను. పిన్ని గోరంతని కొండంత చేస్తోందేమో అని నాకూ అనిపించింది. అయినా మనసు ఊరుకోక ఆదివారం బస్సెక్కాను.

బస్సు దిగి పొలాల వైపు నడుస్తుంటే నిజంగానే ఎటు చూసినా పచ్చదనం. ఎదురుగా మనిషెత్తు గుబుర్లు. దగ్గరికి పోయాను. ముళ్ళకంప. ఎన్నో ఏళ్ళుగా నీళ్ళందక జనం వదిలేసిన చెలక పొలాల్ని అది కమ్మేసింది. దాని వేరు ఎక్కడో పాతాళంలో ఉంటుంది, దానికి వానతోనూ కాలవతోనూ పని లేదు. ఆ కంపల నడుమ అక్కడో చెక్క ఇక్కడో చెక్కగా మొక్కజొన్న పొలం. మా బొమ్మలో ఒక్కో చుక్కా ఒక పెద్ద పొలమంత. అందులో ముప్పాతిక కంపే ఉంటే, ఎండుతున్న పైరు ఏం కనిపిస్తుంది? నీళ్ళందక వదిలేసిన నేలని చూసి, మేమంతా నీళ్ళందిన నేల అనుకున్నాం. గట్టు మీద కూర్చుండిపోయాను.

పిన్ని నా పక్కన కూర్చుని మంచినీళ్ళ చెంబు ఇచ్చింది. నేను చెప్పింది మొత్తం విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పైన పటారం, లోన లొటారం అంటే మా ఊరేనన్నమాట అని నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇంకో వారంలోపు తడి అందితే సగమన్నా దక్కుతుందేమో చూడవే అంది. ఆవిడ నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్నే చెప్పాను. గద్ద గారు వినగానే లేచారు. బీరువా తీసి పాత ఎండాకాలపు టేపు ఒకటి బయటికి లాగి, అచ్చు తీయమన్నారు. పొలాల్లో పంటే ఉండని కాలంలో తీసిన బొమ్మ అది. కుడి వైపు అంతా బూడిద. శివారులో మాత్రం అదే చోట, అదే ఆకారంలో, చిక్కటి ఎరుపు. రెండు బొమ్మలూ పక్కపక్కన పరిచి వాటి మధ్య నిలబడ్డారు. ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేది పంట ఎలా అవుతుంది, నాకెందుకు తట్టలేదు అని తనలో తానే అనుకున్నారు. తర్వాత చెప్పులేసుకుని, పదమ్మా, చూసొద్దాం అన్నారు. మధ్యాహ్నం బస్సుకి ఇద్దరం వెళ్ళాం. ఆయన కంపని చేత్తో పట్టుకుని చూశారు. ముల్లు దిగి రక్తం వచ్చింది, తుడుచుకోలేదు. పిన్ని పలకరించినా తలెత్తలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో నా భయం నేను చెప్పాను. మర్నాడు కాలవల మీటింగు. రెండు వైపుల రైతు పెద్దలూ, పెద్ద ఆఫీసరూ, గేట్ల ఇంజనీరూ ఉంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది సార్, మెల్లగా గేట్ల ఇంజనీరు చెవిన వేసి నీళ్ళు ఇటు తిప్పిద్దాం, అందరి ముందు చెబితే ఈ బొమ్మల పనే మూలన పడేస్తారు అన్నాను. దిగేటప్పుడు ఆయన, మెల్లగా చెబితే ఎందుకని అడుగుతాడు, అప్పుడు అబద్ధం చెప్పాలి కదా అన్నారు.

మీటింగులో ఆయన రెండు బొమ్మలూ గోడకి అంటించారు. లేచి నిలబడి చెప్పారు.

"నేను తప్పు చదివాను. ఈ ఎరుపు పంట కాదు, ముళ్ళకంప. శివారులో పైరు ఎండుతోంది. ఎడమ కాలవకి వెళ్ళాల్సిన నీళ్ళు నా మాట విని కుడి కాలవకి వదిలారు. మిగిలినవన్నా ఇప్పుడే అటు తిప్పండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు మొదలయ్యాయి. ఆకాశంలోకి వెళ్ళి ముళ్ళకంప ఫొటో తీసుకొచ్చారా అని ఎవరో అన్నారు. కుడి వైపు పెద్ద ఒకాయన లేచి, ముళ్ళకి నీళ్ళు అక్కర్లేదు గానీ మాకు కావాలి, గేటు దించడానికి వీల్లేదు అని బల్ల గుద్దాడు. పెద్ద ఆఫీసరు మొహం మాడ్చుకుని, బొమ్మల సంగతి ఇక తర్వాత చూద్దాం అన్నాడు. మా గది ఆ మాటతో మూతపడుతుందనే అనుకున్నాను. గద్ద గారు ఇంకా నిలబడే ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. కూర్చోమని నేను చొక్కా లాగాను. నీళ్ళు తిప్పేదాకా కూర్చోనమ్మా అన్నారు.

అప్పుడు గేట్ల ఇంజనీరు లేచాడు. జన్మలో మా పనిని ఒక్క మంచి మాట అనని మనిషి. నవ్వలేదు, ఎవరి వైపూ చూడలేదు. మూలనున్న ఫోను దగ్గరికి వెళ్ళి జలాశయానికి కలిపించుకుని, కుడి గేటు దించి ఎడమది ఎత్తమని చెప్పాడు. ఫోను పెట్టేసి, తప్పు చేశానని చెప్పిన మనిషిని ఈ గదిలో ఇవాళే చూశానన్నాడు. బల్ల గుద్దినాయన కండువా దులుపుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంజనీరు మా గదికి ఎండాకాలం రాకపోయినా, నేనే కబురంపి పిలిచేదాన్ని.

నీళ్ళు బయల్దేరాయి గానీ కాలవ పొడుగు తక్కువా? ఎండి పగిలిన కాలవ ముందు తను తాగి, తర్వాత ముందుకి వదులుతుంది. దారిలో తూములన్నీ మూయించుకుంటూ గద్ద గారు, నేను నీళ్ళతో పాటే శివారు చేరేసరికి పిన్ని చెప్పిన వారం దాటిపోయింది. గట్ల మీద జనం నిలబడి ఉన్నారు. నురుగు, ఎండుటాకులు తోసుకుంటూ సన్నగా నీళ్ళు వచ్చాయి. ఎవరూ కేకలేయలేదు.

పిల్లకాలవ మీద మొదట వచ్చేది పిన్ని పొలమే. దాని కింద ఇంకొన్ని చెక్కలు, ఆలస్యంగా విత్తినవి, ఇంకా కంకి వేయనివి. పిన్ని పార పట్టుకుని మడవ దగ్గర నిలబడి ఉంది. అక్కడ గట్టు తెంచితే నీళ్ళు తన పొలంలోకి మళ్ళుతాయి, పూడిస్తే కిందికి పోతాయి. గద్ద గారు నాలుగడుగులు ముందుకేసి, ముందు మీ పొలానికి పెట్టుకోండమ్మా, మీ వంతే కదా అన్నారు.

పిన్ని ఒక కంకి విరిచి, పొర ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. లోపల అక్కడొక పన్ను ఇక్కడొక పన్ను తప్ప అంతా బోడి.

"గింజ పట్టే రోజులు దాటిపోయినాయి సారూ. ఇప్పుడు నీళ్ళు పెడితే చొప్ప పచ్చబడుద్ది, అంతే. మీ బొమ్మలో బాగానే పడుద్ది. నా గాదెలోకి మాత్రం ఏమీ రాదు."

అని పారతో మట్టి తీసి తన మడవ తనే పూడ్చడం మొదలుపెట్టింది. నీళ్ళు కాసేపు అక్కడే తిరిగి, దారి లేక, కింది పొలాల వైపు మళ్ళాయి. పిన్ని అటు చూడలేదు. ఆ ఏడు పండితే చేద్దామని ఆవిడ అనుకున్న పనులు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, అన్నీ నాతో చెప్పుకున్నవే. నాకు దుఃఖం ఆగలేదు. గట్టు మీదే ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

గద్ద గారు ఆ కంకిని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు గట్టున విడిచి నీళ్ళలోకి దిగారు. బురద పిక్కల దాకా వచ్చింది. పిన్ని ఎదురుగా నిలబడి చేతులు జోడించారు.

"నన్ను క్షమించండమ్మా. మీ పంట నా వల్ల పోయింది."

పిన్ని పార ఆపలేదు. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతుంటే భుజంతో తుడుచుకుంది. పూడ్చిన చోట మూల నుంచి నీళ్ళు మళ్ళీ తన పొలంలోకే జారుతున్నాయి.

"అదంతా తర్వాత అడుగుదురు గానీ సారూ, ముందు ఆ మట్టి అందించండి. తెగిపోతా ఉంది."

ఆయన వంగి, రెండు చేతులా మట్టి తీసి అందించారు.